చీపురు ఎవరి చేతిలో, మైకు ఎవరి చేతిలో

కతోలిక చర్చిలో ఆదివారం ఏడున్నర పూజకి జనం ఏడూ ఇరవై నుంచి రావడం మొదలుపెడతారు. ఏడూ నలభైకి వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ఆరింటికే వచ్చి గుడి తాళం తీసినవాళ్లు ఎవరు? కిటికీ అంచుల మీద పావురాల రెట్టలు తుడిచి, చాపలు దులిపి పరిచి, ముసలివాళ్ల కోసం వెనక రెండు వరసలు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, పీఠం మీద గుడ్డ ముడతలు లేకుండా సర్ది, వాడిన పూలు తీసేసి కొత్తవి పెట్టి, అప్పాలు, ద్రాక్షరసం, నీళ్లు పక్కనున్న చిన్న బల్ల మీద ఉంచి, పూజ పుస్తకంలో ఆ రోజు పేజీకి రిబ్బన్ పెట్టి, ఇంతా అయ్యాక మైకు కీచుమంటుంటే ఆంప్లిఫయర్ దగ్గర కుస్తీ పడుతున్న కుర్రాణ్ణి కేకలేసినవాళ్లు ఎవరు? ఆ పక్కనే ఒక మూల ఇంటర్ చదివే అమ్మాయి బైబిల్లోంచి చదవాల్సిన రెండో పఠనం కాగితం పట్టుకుని "థెస్సలోనికయులకు" అన్న మాటని నాలుగోసారి నోట్లో తిప్పుకుంటూ ఉంటుంది. గంటసేపు జరిగే పూజ వెనక తక్కువలో తక్కువ పదిహేను మంది చేతులు ఉంటాయి.

ఆ పదిహేను మంది ఎవరు, ఎన్నేళ్లుగా వాళ్లేనా, అందులో చీపురు ఎవరి చేతిలో ఉంది, మైకు ఎవరి చేతిలో ఉంది అని గమనిస్తే చాలు, ఆ గుడి నిజంగా ఎవరిదో తెలిసిపోతుంది. ప్రసంగంలో ఏం చెప్పారన్నది ఆ తర్వాతి మాట.

కతోలికేతరులకి ఇక్కడో మాట చెప్పాలి. తెలుగు కతోలికులు పారిష్‌ని "విచారణ" అంటారు. "మాది ఫలానా విచారణ" అని ఎవరైనా అంటే కోర్టు కేసేమో అని కంగారుపడక్కర్లేదు. ఒక ప్రాంతం బాగోగులు విచారించే బాధ్యత ఒక గురువుకి అప్పగిస్తారు, అదే విచారణ, ఆయన విచారణ గురువు. ఇలాంటి విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం, దాని మీద మేత్రాణులు, అంటే బిషప్ గారు. పల్లెల్లో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) చర్చి అని బోర్డు ఉన్నా జనం "గుడికెళ్లాం, పూజకెళ్లాం" అనే అంటారు, ఫాదర్ గారిని పెద్దవాళ్లు ఇప్పటికీ "స్వామి" అనే పిలుస్తారు. విచారణ కేంద్రం ఒక ఊళ్లో ఉంటే చుట్టుపక్కల ఊళ్లు దాని కింద సబ్‌స్టేషన్లు. ఒక్క ఫాదర్ గారు, పది పదిహేను ఊళ్లు అనేది పల్లె విచారణల్లో మామూలు లెక్క.

ఇందులో పైకి కనపడని విషయం ఒకటుంది. చర్చి చట్టం ప్రకారం విచారణ అంటే మామూలుగా ఒక భూభాగం, ఆ హద్దుల్లో ఉన్న కతోలికులంతా దాని మనుషులే. నచ్చిన పాస్టర్‌ని వెతుక్కుంటూ పోవడం, నచ్చకపోతే కొత్త మందిరం పెట్టుకోవడం అనే పద్ధతి ఇక్కడ లేదు (నగరాల్లో బండి ఉన్నవాళ్లు నచ్చిన గుడికి పోతున్నారు, అది వేరే కథ). దీనివల్ల మనం ఎంచుకోని మనుషుల పక్కన కూర్చోవాలి, వాళ్లతోనే కలిసి పనిచేయాలి. పొలం గట్టు దగ్గర గొడవపడ్డ ఇద్దరు క్రిస్మస్‌కి ఏసు పుట్టిన పశువుల పాక బొమ్మని కలిసి కట్టాలి. స్నేహితుల బృందం చేసే సేవకీ విచారణలో సేవకీ తేడా ఇక్కడే మొదలవుతుంది. ఇష్టమైనవాళ్లతో పనిచేయడం సులువే. పలకరింపు లేనివాడికి నిచ్చెన పట్టుకోవడంలోనే ఉంది కష్టమంతా.

పూజ వేరు, సేవ వేరు, పూజ గుడిలో, సేవ గుడి బయట అని చాలామంది అనుకుంటారు. మొదటి నుంచీ ఈ రెండూ అంత విడిగా లేవు. ఇంగ్లీషులో పూజావిధిని లిటర్జీ అంటారు కదా, ఆ మాట గ్రీకు 'లెయితూర్గియా' నుంచి వచ్చింది. పాత ఏథెన్స్‌లో ఆ మాటకి ప్రార్థనతో సంబంధమే లేదు. డబ్బున్న పౌరుడు సొంత ఖర్చుతో ఊరి కోసం చేసే పని అది, అంటే యుద్ధనౌకకి ఖర్చు పెట్టడమో, పండగ నాటకానికి బృందాన్ని పోషించడమో. ఊరి కోసం చేసే పనికి ఉన్న పేరే చివరికి క్రైస్తవుల ఆరాధనకి పేరైంది. బైబిల్లో అపోస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో సంఘంలో వచ్చిన మొదటి పెద్ద తగువుల్లో ఒకటి దేని గురించి? రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకి అన్యాయం జరుగుతోందని. దానికి పరిష్కారంగా స్తెఫానుతో కలిపి ఏడుగురిని ఎంచుకున్నారు. గమనిస్తే ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అంటే ఫిర్యాదు చేసిన పక్షం వాళ్లకే పంపకం అప్పగించారన్నమాట. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా చాలా సంఘాలకి ఈ ఆలోచన తట్టడం లేదు.

క్రీస్తుశకం 155 ప్రాంతంలో పునీత జస్టిన్ రోమాలో రాసిన వివరణలో ఆదివారం పూజ ఎలా జరిగేదో ఉంది. పఠనాలు, ప్రసంగం, ప్రార్థన, అప్పం, ద్రాక్షరసం, తర్వాత రాలేనివాళ్లకి డీకన్లు (గురువుకి సాయపడే సేవకులు) సత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, ఇంటికి తీసుకెళ్లడం. ఉన్నవాళ్లు ఇచ్చింది పెద్ద దగ్గర పెడితే ఆయన దాన్ని అనాథలకి, విధవలకి, రోగులకి, జైల్లో ఉన్నవాళ్లకి, పరదేశులకి వాడేవాడట. ఇప్పటి కానుకల సమర్పణకి మూలం ఇదే. సంచీ తిరుగుతున్నప్పుడు జేబులో చిల్లర కోసం వెతికే మనం ఈ సంగతి పెద్దగా గుర్తుపెట్టుకోం.

మధ్యలో చాలా శతాబ్దాలు కథ ఇంకోలా నడిచింది. తెలుగు ఊళ్లలో 1960ల దాకా పూజ లాటిన్‌లోనే. స్వామి పీఠం వైపు తిరిగి ఏదో చదువుతుంటే జనం వెనక కూర్చుని జపమాల చెప్పుకునేవాళ్లు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని గుడంతా ఒక్క గొంతుతో అంటుంటే ముందు పూజ తన దారిన తాను సాగేది. భక్తికి లోటు లేదు. కాకపోతే జనానికి అక్కడ చేయాల్సిన పని దాదాపు లేదు, పీఠం దగ్గర సాయం చేసే ఇద్దరు పిల్లలు లాటిన్ జవాబులు బట్టీపడితే సరిపోయేది. ప్రపంచంలోని మేత్రాణులంతా కూర్చున్న రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్‌లో ఆరాధన గురించిన పత్రాన్ని ఆమోదించాక ప్రజల భాషకి తలుపు తెరుచుకుంది. 1969లో భారతదేశం కోసం 12 మార్పులకి రోమా అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవడం, చెప్పులు బయట విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపం, హారతి ఇవన్నీ వాటిలోవే.

దీన్ని అందరూ భాష మార్పుగానే చెబుతారు. అసలు ఫలితం ఇంకొకటి ఉంది, అది పనుల సృష్టి. పూజ తెలుగులోకి రాగానే చదివేవాళ్లు కావాల్సి వచ్చింది, విశ్వాసుల ప్రార్థన రాసేవాళ్లు కావాలి, తెలుగు పాటలు కట్టేవాళ్లు, పాడేవాళ్లు, తబలా వాయించేవాళ్లు, వ్యాఖ్యానం చెప్పేవాళ్లు, హారతి పట్టేవాళ్లు, కానుకలు మోసుకొచ్చేవాళ్లు, ఇలా ఒకేసారి పది పన్నెండు రకాల బాధ్యతలు పుట్టుకొచ్చాయి. అక్షరం వచ్చిన ప్రతి కుర్రాడికీ, ప్రతి ఆడపిల్లకీ గుడిలో ఒక పని దొరికింది. మైకు ముందు నిలబడి నాలుగు మాటలు తడబడకుండా చెప్పడం గుడిలోనే నేర్చుకుని, ఆ తర్వాత టీచర్లు, లాయర్లు, సర్పంచులు అయినవాళ్లు తెలుగు నేల మీద తక్కువేం కాదు. కూలికెళ్లే కుటుంబంలో పుట్టిన పిల్లకి ఊళ్లో మరే వేదిక మీదా మైకు దొరకని రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఫాదర్ గారి గురించి ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆయన వెళ్లిపోతారు. కొన్నేళ్లకోసారి మేత్రాణుల దగ్గర నుంచి బదిలీ ఉత్తరం వస్తుంది, వీడ్కోలు సభ, శాలువా, గ్రూప్ ఫోటో, కొందరి కళ్లలో నీళ్లు, కొందరికి లోపల హమ్మయ్య. వచ్చే ఆయనకి ఏ ఇంట్లో మంచాన పడ్డ పెద్దాయన ఉన్నాడో తెలియదు, ఏ రెండు కుటుంబాలకి పడదో తెలియదు, గంట తాడు ఎక్కడ తెగిందో కూడా తెలియదు. ఇవన్నీ తెలిసినవాళ్లు ఉపదేశి గారు (ఊళ్లో ప్రార్థన నడిపించే స్థానిక బోధకుడు), గుడి పెద్దలు, సిస్టర్లు, గుడి పక్కన ఇల్లున్న ఒక పెద్దమ్మ. సంఘం జ్ఞాపకమంతా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇది బలమూ అవుతుంది, బెడదా అవుతుంది. "ఇక్కడ మొదటినుంచీ ఇంతే స్వామీ" అనే ఒక్క మాటతో కొత్త ఫాదర్ గారి ఆలోచనలన్నీ మూలపడతాయి. తిరగేసి చూస్తే, కొత్తాయన వచ్చీ రాగానే ఇరవై ఏళ్లుగా పాటలు పాడుతున్న బృందాన్ని పక్కన పెట్టి తనకి నచ్చిన కుర్రాళ్లని తీసుకొస్తే, ఆ విచారణలో రెండు వర్గాలు ఆ రోజే పుడతాయి.

దీనికి చర్చి చట్టంలో ఏర్పాటు లేకపోలేదు. 1983 నాటి చట్టం ప్రకారం ప్రతి విచారణలో ఆర్థిక మండలి తప్పనిసరిగా ఉండాలి. పారిష్ కౌన్సిల్ మాత్రం మేత్రాణులు అవసరం అనుకుంటే పెట్టేది, పైగా దానికున్నది సలహా అధికారమే. విశ్వాసులు ఇచ్చిన కానుకలకి లెక్క విశ్వాసులకి చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. 2024 అక్టోబర్‌లో రోమాలో ముగిసిన సినడ్ (పోప్ పిలిచిన సమావేశం) తుది పత్రం ఇలాంటి మండళ్లు అన్నిచోట్లా తప్పనిసరి కావాలని గట్టిగా అడిగింది. కాగితం మీద బాగానే ఉంది. పండగ అయిపోయిన తర్వాతి ఆదివారం జమా ఖర్చులు చదివి వినిపించే గుడికీ, ఆ ఊసే ఎత్తని గుడికీ మధ్య తేడా మాత్రం వచ్చే ఏడాది చందా పుస్తకంలో కనపడుతుంది. జనం అడగరు, అడగడం మర్యాద కాదనుకుంటారు. ఇచ్చేది తగ్గిస్తారు, పనికి రావడం మానేస్తారు. వాలంటీర్లు తగ్గిపోతున్నారు, భక్తి తగ్గిపోతోంది అని ప్రసంగాల్లో బాధపడే ముందు గుడి గోడ మీద లెక్కల కాగితం అంటించి ఉందా లేదా అని ఒకసారి చూసుకోవచ్చు.

విచారణలో సేవ అంటే ఏమిటో పండగ రోజు తెలియదు, చావు రోజు తెలుస్తుంది. సాయంత్రం ఆరింటికి ఒక ఇంట్లో పెద్దాయన పోయాడనుకోండి. మొదటి ఫోన్ ఉపదేశి గారికి. ఆ తర్వాత కాసేపటికి గుడి గంట మోగుతుంది, పూజకి మోగినట్టు గలగలా కాకుండా ఆగి ఆగి మోగుతుంది, ఆ మోతని బట్టే ఊరికి అర్థమవుతుంది. పావుగంటలో ఇద్దరు కుర్రాళ్లు బండి మీద పెట్టె కోసం పక్క టౌన్‌కి బయల్దేరతారు, ఒకరు గుడిలోంచి సిలువ, కొవ్వొత్తి స్టాండ్లు తీసుకొస్తారు, ఇంకొకరు షామియానా వాడికి చెప్తారు. ఆ ఇంటి ఆడవాళ్లకి ఏం చేయాలో తోచని గంటలో నలుగురు వదినలు పిన్నులు వంటింట్లోకి వెళ్లి టీ పెట్టేస్తారు, ఎవరినీ అడగరు. పాటల బృందం చాప మీద కూర్చుని జపమాల మొదలుపెడుతుంది, మధ్య మధ్య పాటలు, ఒక గొంతు అలిసిపోతే ఇంకో గొంతు అందుకుంటుంది, తెల్లవారేదాకా. పొద్దున్నే సమాధుల తోటలో గుంత తవ్వేవాళ్ల దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి "ఇంకో అడుగు దించండ్రా" అంటుంటాడు. బంధువులు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి అంతా అమరి ఉంటుంది. వాళ్లు ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియక ఫాదర్ గారికి చెప్పి వెళ్తారు.

ఈ పని ఎవరూ ఎవరికీ అప్పగించలేదు, రిజిస్టర్ లేదు, మీటింగ్ లేదు. ఇది ఎలా నడుస్తుందంటే, వీళ్లంతా ప్రతి ఆదివారం ఒకరినొకరు చూసుకుంటారు, ఒకే పాటలు తెలుసు, ఎవరి గొంతు ఎలాంటిదో, ఎవరికి బండి ఉందో, ఎవరు మాటిచ్చి రారో అందరికీ తెలుసు. కలిసి చేసిన పూజ ఇక్కడ రిహార్సల్‌లా పనికొస్తుంది. పూజకి రావడం మానేసిన కాలనీల్లో, ఒకరి పేరొకరికి తెలియని అపార్ట్‌మెంట్ల విచారణల్లో ఇదే పని చేయాలంటే వాట్సాప్ గ్రూపు, ఫోన్ నంబర్ల లిస్టు, ఒక కోఆర్డినేటర్ కావాలి. చేయలేమని కాదు, చాలాచోట్ల చేస్తున్నారు కూడా. ఖర్చు, శ్రమ రెండింతలవుతాయి.

పేదల ఇళ్లకి వెళ్లే పనిని పద్ధతిగా చేసేది విన్సెంట్ డి పాల్ సభ. 1833 ఏప్రిల్‌లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే ఇరవై ఏళ్ల లా విద్యార్థి, అతని స్నేహితులు మొదలుపెట్టారు. మీ చర్చి ఒకప్పుడు మంచే చేసి ఉండొచ్చు, ఇప్పుడేం చేస్తోంది అని తోటి విద్యార్థులు గుచ్చి అడిగితే జవాబు దొరక్క మొదలైన సంఘం అది. వాదన గెలవాలని పుస్తకాలు వెతకలేదు, రోజలీ రాందూ అనే సిస్టర్ దగ్గరికెళ్లి ఏ ఇంటికి వెళ్లాలో అడిగారు. ఆమె అప్పటికే పారిస్‌లో పేదల వాడల్లో ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 1863 నాటికి ఈ సభ బొంబాయికి వచ్చింది. ఇప్పుడు తెలుగు విచారణల్లో కూడా చాలాచోట్ల ఉంది. దీని పద్ధతుల్లో రెండు గమనించదగ్గవి. ఇంటికి ఇద్దరిద్దరుగా వెళ్తారు. వారం వారం జరిగే మీటింగ్‌లో ఒక సంచీ తిరుగుతుంది, అందరూ అందులో చెయ్యి పెడతారు, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియదు. శిలాఫలకం మీద దాతల పేర్లు, పక్కన రూపాయలు చెక్కించుకునే మన అలవాటు పక్కన ఈ సంచీని పెట్టి చూడండి.

పెద్ద ఎత్తున చూడాలంటే గుణదల. విజయవాడ గుణదల కొండ మీద 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి అనే గురువు లూర్దుమాత స్వరూపాన్ని పెట్టించారు, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు, లక్షల మంది వస్తారు, అందులో కతోలికులు కానివాళ్లు బోలెడు మంది. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, మెట్లెక్కుతారు. ఆ మూడు రోజులూ క్యూలైన్ల దగ్గర, మంచినీళ్ల దగ్గర, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పే మైకు దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఇలాంటి సేవలో ఒక సుఖముంది, తేదీ ఉంటుంది, బ్యాడ్జి ఉంటుంది, మూడు రోజుల్లో అయిపోతుంది, ఇంటికెళ్లి పడుకోవచ్చు. అందుకే పండగ వాలంటీర్లు దొరికినంత తేలిగ్గా, ప్రతి శనివారం గుడి ఊడ్చేవాళ్లు దొరకరు.

ఇక చేదు సంగతి. ఏ విచారణలోనైనా పనులు రెండు రకాలుగా చీలి ఉంటాయి. కనపడేవి, కనపడనివి. ఊడవడం, పూలు, వంట, గుడ్డలు ఉతకడం, పిల్లలకి సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పడం, ఇవి చాలావరకు ఆడవాళ్ల చేతుల్లో. కమిటీ, చందా పుస్తకం, స్టేజీ మీద కుర్చీ చాలావరకు మగవాళ్ల చేతుల్లో. రోమా కొంచెం కదిలింది. 2016లో ఈస్టర్ ముందు వచ్చే పెద్ద గురువారం నాడు గురువు కాళ్లు కడిగే వరసలో ఆడవాళ్లు కూడా కూర్చోవచ్చని నియమం మార్చారు. 2021 జనవరిలో పఠనాలు చదివే, పీఠం దగ్గర సేవ చేసే శాశ్వత బాధ్యతలకి ఆడవాళ్లు కూడా అర్హులేనని పోప్ ఫ్రాన్సిస్ చట్టాన్నే సవరించారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆడవాళ్లు చదువుతూనే ఉన్నారు, పేరు మాత్రం లేదు. ఊళ్లో పనీ ఇంతే, వాళ్లు చేస్తూనే ఉంటారు, కమిటీ లిస్టులో పేరు వెతికితే దొరకదు.

కులం సంగతి దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మతం పేరుతో వాళ్లకి ఎస్సీ హోదా లేదు. గుడి లోపల అంతా సమానమేనా అంటే, 2016 డిసెంబర్‌లో భారత కతోలిక మేత్రాణుల సంఘమే తన దళిత విధానం పత్రంలో చర్చి లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల అంతోని కార్డినల్, అంటే పోప్ తర్వాతి హోదా ఉన్న పెద్ద, అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. పైన అంత మార్పు వచ్చినా కింద ఒక విచారణలో తేరు మోసే వరస ఎవరిది, పండగ పెద్ద ఎవరు, పందిరి ఏ పేటలో వేస్తారు అన్న దగ్గర పాత లెక్కలు బయటపడుతూనే ఉంటాయి. సత్ప్రసాదం ఒకే వరసలో తీసుకున్నవాళ్లు పండగ భోజనం దగ్గర వేరు వేరు బంతుల్లో కూర్చుంటే, ఆ పూజ సగంలోనే ఆగిపోయిందని అనుకోవాలి. తప్పు సరిదిద్దడానికి కొన్ని చోట్ల పని వంతుల్ని వాడుతున్నారు. ఈ నెల గుడి శుభ్రం ఈ పేట, పాటలు ఆ పేట, వచ్చే నెల మార్పిడి. ఉపన్యాసాల కన్నా ఈ వంతుల కాగితమే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే చీపురు, మైకు రెండూ చేతులు మారతాయి.

జనం అసలు ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు? దేవుడి కోసమే అని చెప్పడం తేలిక. నిజానికి కారణాలు కలగాపులగంగా ఉంటాయి. మొక్కు తీరిందని ఒకరు, రిటైరయ్యాక ఇంట్లో ఊసుపోక ఒకరు, పిల్లకి సంబంధం చూడ్డానికి నలుగురిలో ఉండాలని ఒకరు, పాట పాడితే నలుగురూ మెచ్చుకుంటారని ఒకరు. ఇందులో తప్పేం లేదు, వచ్చిన కారణం ఒకటైనా ఉండిపోయే కారణం మారుతుంది. మానేసేవాళ్లు మాత్రం దాదాపు ఒకే కారణంతో మానేస్తారు. పని ఎక్కువై కాదు, ఆ పని మీద తమకి మాట లేదని తెలిసొచ్చి. పాటలు ఎంచుకునే హక్కు లేని గాయకుడు, కుర్చీలు మోయడానికి పిలిచి ప్లాన్ చెప్పని కుర్రాడు రెండేళ్లకి మించి ఉండరు. పూజ చివర ప్రకటనల్లో "ఎవరైనా సేవ చేయదలచుకున్నవారు ముందుకు రావలెను" అంటే ఎవరూ రారు, అది ఎవరికీ చెప్పినట్టు కాదు కాబట్టి. అదే పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఆపి "ఏమ్మా, వచ్చే ఆదివారం పఠనం నువ్వు చదువు, శుక్రవారం ఒకసారి చూసుకుందాం" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఏడూ నలభైకి వచ్చి వెనక గోడకి ఆనుకునేవాళ్లని చెప్పాను కదా, వాళ్లలో చాలామందిని ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టి అడిగి ఉండరు.

ఇంకో ప్రమాదం పనిచేసేవాళ్లకే ఉంది. పూజంతా ఆంప్లిఫయర్ బటన్లు చూస్తూ, కెమెరా పట్టుకుని యూట్యూబ్ లైవ్ చూసుకుంటూ, వంట దగ్గర ఉప్పు చూస్తూ, గుడి ఆవరణలోనే ఉండి పూజలో లేకుండా పోయేవాళ్లు. ఏసు ఇంటికొచ్చినప్పుడు అక్క మార్తమ్మ వడ్డన పనిలో సతమతమైంది, చెల్లెలు మరియమ్మ ఆయన మాటలు వింటూ కూర్చుంది. ఏసు ఆ కూర్చోవడాన్ని మెచ్చుకున్నాక అన్నం ఎవరు వండారో సువార్తలో రాయలేదు. రెండు పూజలున్న గుడుల్లో ఒక పూజకి పని, ఇంకో పూజకి ఊరికే కూర్చోవడం అనే కట్టడి పెడితే చాలామంది నిలబడతారు.

ఇదే మనిషి అమెరికా వెళ్తే సీన్ మారిపోతుంది. అక్కడి విచారణలో గుమ్మం దగ్గరే సైన్‌అప్ షీట్, ఎవరు ఎన్నింటికి వచ్చి ఏం చేయాలో పేర్లతో సహా. పిల్లలకి సత్యోపదేశం చెప్పాలంటే ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్, ట్రైనింగ్. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలు బయటపడ్డాక 2002లో అమెరికా మేత్రాణులు డాలస్‌లో తెచ్చిన నియమాల ఫలితం అది. మొదట్లో "గుడిలో సేవకి కూడా పోలీస్ రికార్డు చూస్తారా" అని మనవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవాల్సిన విషయం కాదు, మన దగ్గర కూడా రావాల్సిన అలవాటు. నెలకోసారి ఇంగ్లీషు విచారణ గుడిని అడిగి తీసుకుని తెలుగు పూజ పెట్టుకునే చోట ఇంకో సంగతి కనపడుతుంది. పూజ తర్వాత హాలు తుడిచి, చెత్త సంచులు కట్టి, కుర్చీలు ఎలా ఉన్నవి అలా పెట్టి తాళం తిరిగి ఇవ్వాలి, అక్కడ పనివాళ్లు ఉండరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రెడ్డిగారు, పక్క ఊరి దళిత కుటుంబం అబ్బాయి కలిసి ఒకే మాప్ పట్టుకోవడం అక్కడ వింత కాదు. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి వారం పూజ శుక్రవారమే, గుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకి సెలవు దొరికిన శుక్రవారం ఆ గుడి ఆవరణే పుట్టిల్లు. ఊళ్లో ఎప్పుడూ మైకు అందుకోని ఆమె అక్కడ పాట ఎత్తుకుంటుంది.

ఇక్కడ ఊళ్లో మాత్రం పాటల బృందం పలచబడుతోంది. ఇంటర్ అవగానే పిల్లలు హాస్టళ్లకి, తర్వాత హైదరాబాద్, బెంగళూరు. క్రిస్మస్‌కి వచ్చి పాక కట్టి, వెదురు బద్దలతో నక్షత్రం చేసి, జనవరి 2న బస్సెక్కుతారు. సబ్‌స్టేషన్‌కి ఫాదర్ గారు నెలకి ఒకటో రెండో ఆదివారాలు వస్తారు. మిగతా ఆదివారాలు ఉపదేశి గారే గంట కొట్టి, పఠనాలు చదివించి, ప్రార్థన నడిపిస్తారు. ఆయనకి డెబ్బై దాటాయి, అద్దాలు మార్చినా చిన్న అక్షరాలు ఆనడం లేదు. మొన్నటి నుంచి సువార్త తర్వాత నాలుగు మాటలు చెప్పే పని ఎనిమిదో తరగతి దాకా చదివిన ఒకావిడకి ఇచ్చారు, రోజూ మిరపకోతకి వెళ్లే మనిషి. మొదటి వారం కాగితం చూసి చదివింది, గొంతు వణికింది. రెండో వారం కాగితం మడిచి పక్కన పెట్టింది. ఆరింటికి వచ్చి గుడి ఊడ్చేది కూడా ఆవిడే.